ఫొటో ఆమెది, ఇజాజత్ ఎవరిది?

ఈ మధ్య ఏ దావత్‌కి వెళ్లినా, ఏ చబూత్రా మీద కూర్చున్నా మూడు మాటలు తప్పకుండా వినబడుతున్నాయి. ఒకటి, "స్మార్ట్‌ఫోన్ వచ్చాక ప్రైవసీ ఎక్కడిది భాయ్, ఆ జమానా పోయింది." రెండు, "మనం ఏం తప్పు చేశామని దాచుకోవాలి?" మూడు, "గ్రూపులో ఉన్నది అంతా మనోళ్లే కదా!" ఈ మూడూ ఝూట్ అని నా దావా. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. చివరిదాకా చదివి కోప్పడండి, నాకు అభ్యంతరం లేదు.

ప్రైవసీ పోలేదు. నమ్మకపోతే మీ గ్రూప్ అడ్మిన్ సాబ్‌ను బ్యాంకులో ఎంత ఉందో అడిగి చూడండి. మొహల్లా పెద్దమనిషిని ఆయన మీదున్న కోర్టు కేసు సంగతి అడగండి. రిష్తా మాట్లాడేటప్పుడు పెళ్లికొడుకు తండ్రిని "అబ్బాయి తన్‌ఖా ఎంత?" అని అడగండి. "మాషాఅల్లా, బాగానే ఉంది" అని దాటేస్తాడు. దాచుకోగలిగినవాళ్లు దాచుకుంటూనే ఉన్నారు. పోయింది ఎవరిది? పెళ్లి కావలసిన ఆడపిల్లది. జకాత్ తీసుకునే బేవాది. ఐసీయూలో ముక్కుకు పైపుతో పడుకున్న ముసలాయనది. రాత్రి పదింటికి గల్లీ మలుపులో పోలీసులు ఆపిన కుర్రాడిది. ఫోను పట్టుకున్నవాడికి ప్రైవసీ ఉంది, ఫోను ముందు నిలబడ్డవాడికి లేదు. దీనికి జమానా మారింది అని పేరు పెట్టి మనం చేతులు దులుపుకుంటున్నాం.

ముందు మన ఇంటి సంగతే మాట్లాడుకుందాం. బయోడేటా.

నా చిన్నప్పుడు రిష్తాలు మషాతా తెచ్చేది. ఆమె బ్యాగులో నాలుగైదు ఫొటోలు ఉండేవి. ఇంటికొచ్చి, చాయ్ తాగి, అమ్మీకి, నానీమాకు చూపించి, మళ్లీ అదే బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయేది. రిష్తా కుదరకపోతే ఫొటో వాపస్ ఇచ్చే రివాజ్ ఉండేది. మషాతాలు అంతా ఫరిష్తాలని నేను అనను. గోరంతలు కొండంతలు చేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక ఫొటో ఒకే చోట ఉండేది. అది ఎవరి దగ్గరుందో ఆ తల్లికి తెలిసేది.

ఇప్పుడు? పీడీఎఫ్. అందులో అమ్మాయి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, రంగు, చదువు, పనిచేసే చోటు, తండ్రి ఫోను నంబరు, ఇంటి అడ్రసు, అన్నదమ్ములు ఏం చేస్తారు, అక్కచెల్లెళ్లు ఎక్కడిచ్చారు, కింద రెండు ఫొటోలు. ఒక వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. మామూ రెండు గ్రూపుల్లో వేస్తాడు, ఖాలా మూడింట్లో వేస్తుంది, ఖాలా దగ్గర్నుంచి ఇంకెవరో తీసుకుని ఐదింట్లో వేస్తారు. లెక్క మీరే కట్టుకోండి. పంపినవాడు తన మెసేజీని చెరపగలడు గానీ, అవతలివాడు సేవ్ చేసుకున్నదాన్ని, ఫార్వర్డ్ చేసినదాన్ని చెరపలేడు. నికాహ్ అయి, ఒళ్లో పిల్లాడు వచ్చాక కూడా ఆ పిల్ల బయోడేటా తిరుగుతూనే ఉంటుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు. పెళ్లయిన అమ్మాయిల అన్నలు "ఈ ఫొటో తీసేయండి సాబ్" అని గ్రూపుల్లో బతిమాలుతుంటే నేను కళ్లారా చూస్తున్నాను.

ఇక్కడ అసలు తమాషా ఏమిటంటే, ఈ ఇంట్లోనే ఆ పిల్ల తన వాట్సాప్ డీపీలో తన మొహం పెట్టుకోవడానికి లేదు. పువ్వు పెట్టుకోవాలి, లేకపోతే కాబా ఫొటో పెట్టుకోవాలి. "గైర్ మెహరం చూస్తారు" అంటాడు అబ్బా. నిజమే అనుకుందాం. మరి ఆయనే తన చేత్తో వేలమంది గైర్ మెహరంల ఫోన్లలోకి ఆ మొహాన్ని పంపాడు కదా! దాన్ని ఏమనాలి? ఆమె పెట్టుకుంటే బేపర్దా, ఆయన పంపితే జిమ్మేదారీ. అంటే గొడవ ఫొటో బయటికి వెళ్లడం గురించి కాదన్నమాట. ఎవరి ఇజాజత్‌తో వెళ్లిందన్నదే గొడవ. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ కొందరు 2021 గుర్తు చేస్తారు. ఆ జులైలో "సుల్లీ డీల్స్" అని, మళ్లీ 2022 జనవరి 1న "బుల్లీ బాయి" అని గిట్‌హబ్ మీద యాప్‌లు తయారు చేసి, మన ఆడవాళ్ల ఫొటోలు పెట్టి వేలం వేసినట్టు ఆడుకున్నారు. జర్నలిస్టులు, విద్యార్థినులు, ఉద్యమకారులు, కనిపించకుండా పోయిన కొడుకు కోసం తిరుగుతున్న ఓ తల్లి, మన హైదరాబాద్‌కు చెందిన ఒక పెద్ద వయసు సామాజిక కార్యకర్త కూడా ఆ జాబితాలో ఉన్నారు. అప్పుడు మన మగవాళ్లలో చాలామంది అన్న మాటేమిటి? "అందుకే ఫొటోలు పెట్టొద్దని మొత్తుకున్నాం."

నాకు మండింది అక్కడే. దొంగ ఇంట్లో పడితే ఇల్లెందుకు కట్టుకున్నావని అడుగుతామా? ఆ ఆడవాళ్లు తమ పని కోసం, తమ మాట నలుగురికీ చేరడం కోసం, తమ మర్జీతో ఫొటో పెట్టుకున్నారు. ఇజాజత్ లేకుండా దాన్ని ఎత్తుకుపోయి బజార్లో పెట్టినవాడిది నేరం. పిల్లకు చెప్పకుండా బయోడేటా వందచోట్లకి పంపే పెద్దమనిషికీ, ఆ దుర్మార్గుడికీ నీయ్యత్‌లో భూమికీ ఆకాశానికీ ఉన్నంత ఫరక్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ అమ్మాయి మొహం మీద ఆమెకు హక్కు లేదన్న ఖయాల్ దగ్గర ఇద్దరూ ఒకే గడప మీద నిలబడ్డారు. ఈ మాట చేదుగా ఉంటుంది. అయినా రాయక తప్పదు.

ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో ప్రైవసీ అనే మాటకు తర్జుమా వెతుక్కునే అవసరం నాకు రాలేదు. ఆ ఒక్క మాట చేసే పని మా దగ్గర నాలుగు మాటలు పంచుకుని చేసేవి: పరదా, రాజ్, అమానత్, ఇజాజత్. తర్వాత తెలుగు డిగ్రీలో "గోప్యత" నేర్చుకున్నాను. మంచి మాటే గానీ అందులో దాచడం ఒక్కటే వినిపిస్తుంది. మన నాలుగు మాటల్లో పరదాను మాత్రం గట్టిగా పట్టుకుని, అది కూడా ఆడవాళ్ల మీదే వేసి, మిగతా మూడింటినీ మనం వదిలేశాం.

ఇజాజత్ చూడండి. ఇతరుల ఇంట్లోకి అనుమతి అడగకుండా, సలాం చెప్పకుండా వెళ్లొద్దని సూరె నూర్ చెబుతుంది. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే వెనక్కి తిరిగి రమ్మని హదీస్. అది పక్కింటి సంగతి. సొంత ఇంట్లో కూడా ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు వేళల్లో ఇంటి పిల్లలు సైతం అడిగి గదిలోకి రావాలని అదే సూరాలో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందట, తలుపులే సరిగ్గా లేని ఇళ్లలో ఉన్నవాళ్లకు చెప్పిన మాట ఇది. మనకు తలుపులున్నాయి, గడియలున్నాయి, పైన సీసీ కెమెరాలున్నాయి. కానీ నిద్రపోతున్న బాబాయిని, ఉతకని బట్టల్లో ఉన్న భాభీని వీడియో తీసి స్టేటస్ పెట్టి నవ్వుకోవడానికి ఎవరినీ అడగం.

అమానత్ చూడండి. ఒక మనిషి మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అయిపోయినట్టేనని హదీస్‌లో ఉంది. ఎవరికీ చెప్పకు అని నోటితో అనక్కర్లేదు, చూపు చాలు. మరి రాత్రి పన్నెండింటికి ఒక బెహెన్ తన షౌహర్ పెట్టే బాధ మీకు మెసేజ్ చేస్తే, తెల్లారేసరికి దాని స్క్రీన్‌షాట్ ముగ్గురి ఫోన్లలో ఉంటే, అది ఖియానత్ కాదా? స్క్రీన్‌షాట్ అనే మాట కొత్తది గానీ ఆ గునాహ్ పాతదే.

ఇప్పుడు రమజాన్ సంగతి. కిట్లు పంచుతారు. బియ్యం, పప్పు, నూనె, ఖజూర్, సేమియా. చాలా మంచి పని, అల్లా ఖబూల్ చేయాలి. కానీ సంచీ ఇచ్చేటప్పుడు ఆమెను బ్యానర్ ముందు నిలబెడతారు. పక్కన ఐదుగురు మగవాళ్లు. సంచీ మీద పదకొండు చేతులు, అందులో తీసుకునే చేతులు రెండే. ఆమె నఖాబ్ సర్దుకుంటుంది, తల దించుకుంటుంది. "ఇటు చూడమ్మా" అంటాడు ఫొటో తీసేవాడు. సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో వస్తుంది. మర్నాడు ఆమె కొడుకును స్కూల్లో ఎవడో అడుగుతాడు, "మీ అమ్మీనే కదరా?" అని. ఐదు కిలోల బియ్యానికి ఆ పిల్లాడు కట్టిన ఖీమత్ ఎంత?

కుడిచేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని మసీదులో వింటాం. బయటికొచ్చి ఎడమ చేతికి ఫోను ఇచ్చి షూట్ చేయిస్తాం.

కమిటీవాళ్లు ఊరుకోరు, తెలుసు. "ఫొటో లేకపోతే చందా ఎట్లా వస్తుంది సాబ్? దుబాయ్ నుంచి పంపేవాళ్లకు సబూత్ కావాలి, హిసాబ్ చూపాలి" అంటారు. హిసాబ్ అడగడం న్యాయమే. అడగాలి కూడా. కానీ ఫొటో హిసాబ్ కాదు. విలేకరిగా ఇన్నేళ్లు కాగితాలు తిరగేసిన అనుభవంతో చెబుతున్నాను. వంద సంచీల డబ్బు వసూలు చేసి ముప్పై సంచీలు పంచి, ముప్పై మంది ఫొటోలు పెడితే ఏం తెలుస్తుంది? హిసాబ్ అంటే దుకాణం బిల్లు, వచ్చిన రకమ్, ఖర్చయిన రకమ్, మసీదు కమిటీ దగ్గర భద్రంగా ఉండే దస్తఖత్‌ల పట్టీ, కమిటీలో లేని ఇద్దరు దాన్ని చూసి సంతకం పెట్టడం. ఫొటో కావాలంటే గోదాంలో పేర్చిన సంచీలది తీయండి. సంచీకి ఇజ్జత్ పోదు.

పత్రికలో చేరగానే మాకు డెస్క్ మీద గట్టిగా చెప్పే రూల్ ఒకటుంది. అత్యాచార బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరం ఏదీ వేయకూడదు. కేసుల్లో చిక్కుకున్న పిల్లల పేర్లు వేయకూడదు, బాలల న్యాయ చట్టం ఒప్పుకోదు. వేస్తే జైలు. అదే పేరు, అదే ఫొటో గ్రూపుల్లో "దువా కీజియే" అని తిరుగుతుంటుంది. యాక్సిడెంట్‌లో నెత్తురోడుతున్న కుర్రాడి వీడియో అంబులెన్స్ కన్నా ముందు వాళ్ల ఇంటికి చేరుతుంది. మయ్యత్ మొహం మీద గుడ్డ తీసి ఫొటో తీసేవాళ్లున్నారు. మయ్యత్‌ను గుస్ల్ చేయించేవాడు తాను చూసింది బయట చెప్పకూడదని నేర్చుకున్న ఖౌమ్ మనది!

మరో మాట, ఇది ఇంకా నాజూకు. ఇంట్లో ఫోన్లు చెక్ చేయడం. "నా బిడ్డ, నా బీవీ, నేను చూస్తే ఏమవుతుంది?" అంటారు. పదేళ్ల పిల్లాడి ఫోను చూడండి, చూడాలి. వాడు ఏం గేమ్ ఆడుతున్నాడో, ఎవరు పలకరిస్తున్నారో తెలియకపోతే మీది తప్పు. అది నిగ్రానీ. వాడికి చెప్పి, వాడి ముందే చూస్తారు. కానీ పందొమ్మిదేళ్ల డిగ్రీ పిల్ల నిద్రపోతుంటే ఆమె వేలు ఫోనుకి ఆనించి లాక్ తీయడం నిగ్రానీ కాదు, తజస్సుస్. ఇతరుల లోగుట్టు తవ్వొద్దని సూరె హుజురాత్ మనా చేసింది దాన్నే. కొడుకు ఫోను మాత్రం ఎవరూ ముట్టరు. అబ్బా ఫోను సంగతి సరేసరి. ఏ ఇంట్లో అయినా అబ్బా తన పాస్‌వర్డ్ బిడ్డకు ఇచ్చి, బిడ్డది అడిగితే నేను నోరు మూసుకుంటాను.

1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఒక తీర్పు ఇచ్చారు. ఇష్టం లేని భార్యను కాపురానికి వెళ్లమని కోర్టు ఆదేశించే చట్టం ఆమె ప్రైవసీని, గౌరవాన్ని కాలరాస్తుందని దాన్ని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ దారి ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. అది హిందూ వివాహ చట్టం కేసు. కానీ అందులో ఉన్న సవాలు అన్ని ఇళ్లదీ. ఇంట్లో నలుగురు ఉంటే ప్రైవసీ ఆ ఇంటిదా, ఇంట్లో ఒక్కొక్కరిదా? మనం ఇప్పటిదాకా ఇంటి యజమానిది అని బతుకుతున్నాం.

ఇప్పుడు గడప దాటి చౌరస్తాకు వద్దాం. "తప్పు చేయనివాడికి భయమెందుకు" అనే మాట అసలు ఎవరికి పనికొస్తుందో అక్కడ తెలుస్తుంది.

2018లో తెలంగాణ పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో మొహాలు గుర్తుపట్టే వ్యవస్థను చేర్చారు. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్క్ తీయమని ఒత్తిడి చేసి ఫొటో తీసుకున్నారు. నా ఫొటో ఎందుకు, ఏ చట్టం కింద, ఎక్కడ దాస్తారు అని ఆయన అడిగారు. హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అంతకు రెండు మూడు నెలల ముందే, 2021 అక్టోబరులో, గంజాయి తనిఖీ అని చెప్పి నగరంలో బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో ఆ మాట కోసం వెతుకుతున్న వీడియోలు అందరూ చూశారు. వారెంట్ లేదు, కేసు లేదు. ఇజాజత్ మాట ఎవరూ ఎత్తలేదు.

తప్పు చేయనివాడికి భయమెందుకా? ఖడక్ సింగ్ అనే మనిషిని అడగాలి. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక ఆయన్ను వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టి ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవాళ్లు. 1962లో సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీల్లో ఎక్కువమంది రాత్రి తలుపు కొట్టడం తప్పన్నారు గానీ ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. ప్రైవసీ లేకపోతే వ్యక్తి స్వేచ్ఛ అన్నదే లేదని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని ఆయన రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చారు. యాభై ఐదేళ్ల తర్వాత సుబ్బారావు మాటే నెగ్గింది. అర్ధరాత్రి దస్తక్ అంటే ఏమిటో తెలిసిన గల్లీల్లో ఉండేవాళ్లం, ఈ పేరు మన పిల్లలకు తెలియాలి.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా వచ్చింది కదా అంటారు. చదవండి. కంపెనీలకు 250 కోట్ల దాకా జరిమానా ఉంది. కానీ ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దర్వాజా కేంద్రం తన కోసం తెరిచే ఉంచుకుంది. పైగా మనిషి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే డేటాకు ఆ చట్టం వర్తించదు. అర్థమైందా? ఒక చివర ప్రభుత్వం, ఇంకో చివర ఇల్లు, రెండిటి దగ్గరా చట్టం చేతులు వెనక్కి తీసుకుంటుంది. ప్రభుత్వాన్ని అడగడానికి కోర్టు ఉంది. ఇంటిని అడగడానికి మనం తప్ప ఎవరూ లేరు.

ఈ రెండూ వేరు వేరు అనుకునేవాళ్లకే నా ఈ రాత. ఇంట్లో బిడ్డ ఫోను లాక్కుని "దాచుకోవడానికేముంది" అన్నవాడు, చౌరస్తాలో కానిస్టేబుల్ అదే మాట అంటే ఏ జబాన్‌తో జవాబిస్తాడు? బేవాను బ్యానర్ ముందు నిలబెట్టి "ఒక్క ఫొటో, ఏం పోతుంది" అన్న కమిటీ, గల్లీ పిల్లలను గోడకు నిలబెట్టి ఫొటోలు తీస్తే ఏమని ఎదురు నిలుస్తుంది? హక్కు అనేది బయటివాడిని అడిగేటప్పుడు గుర్తొచ్చి, ఇంటివాళ్లకు ఇచ్చేటప్పుడు మరిచిపోయేది కాదు.

నేను ఫోన్లు పారేయమనడం లేదు. చేయగలిగినవే చెబుతున్నాను. బయోడేటా అమ్మాయికి చూపించి, ఆమె సరేనన్నాకే పంపండి. అందులో ఇంటి అడ్రసు, ఫొటో వద్దు. రెండు ఇళ్లకూ మాట కుదిరాక ఎదురుగా కూర్చుని చూసుకోండి, చూడటానికి షరీయత్‌లో ఇజాజత్ ఉంది. రిష్తా గ్రూపులు నడిపేవాళ్లు, నికాహ్ అయిన పిల్లల బయోడేటాలు తీసేయండి, తీసేయమని గ్రూపులో అందరికీ చెప్పండి. తీసుకునేవాళ్ల మొహాలు లేకుండా రమజాన్ కిట్లు పంచుతామని ప్రతి మసీదు కమిటీ ఈసారి షాబాన్‌లోనే తీర్మానం చేయాలి. చందా ఇచ్చేవాళ్లు కూడా "మాకు ఫొటోలు వద్దు, బిల్లు పంపండి" అని రాసి పంపాలి. పిల్లలకు చెప్పండి, రోడ్డు మీద ఎవరైనా ఫొటో తీస్తామన్నా, ఫోను తెరవమన్నా బేఅదబీ లేకుండా ఒక్క ప్రశ్న అడగమని: "ఏ చట్టం కింద సార్?" పెద్ద గొంతు అక్కర్లేదు. మసూద్ సాబ్ మొదలుపెట్టింది కూడా ఆ సవాలుతోనే.

చివరిగా అబ్బాజాన్‌లకు ఒక గుజారిష్. ఈ రాతను ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసే ముందు, ఇవాళ రాత్రి ఇషా తర్వాత, బిడ్డ గది తలుపు కొట్టండి. లోపలికి రమ్మన్నాక వెళ్లి అడగండి, "బేటీ, నీ ఫొటో ఎక్కడెక్కడికి పంపామో చెప్పనా? వాటిలో దేన్ని తీసేయించమంటావు?" ఆమె చెప్పిన లిస్టు రాసుకోండి. తెల్లారి ఆ పని మొదలుపెట్టండి.